చారల లిల్లీ

మా అత్తగారిని ఊళ్ళో సగం మంది ఆకులమ్మ అంటారు. మిగతా సగం మందీ అదే అంటారు గానీ, ఆవిడకు వినపడకుండా అంటారు. ఇంటి వెనక మాకు మొక్కల తోట ఉంది. బయట నర్సరీ అని బోర్డు ఉంది, దాని మీద రంగు వెలిసిపోయి ఎన్నాళ్ళయిందో ఆ పైవాడికే తెలియాలి. మేం ఎక్కువగా అమ్మేది లిల్లీలు. లిల్లీ అనగానే వచ్చినవాళ్ళు ఏ రంగు పువ్వు అని అడుగుతారు. మా అత్తగారి దగ్గర ఆ మాట అడిగారా, వాళ్ళ పని అయిపోయినట్టే.

“పువ్వు ఎన్నాళ్ళుంటుందండీ?” అని ఎదురు ప్రశ్న వేస్తారు.

“వారమో, పది రోజులో...”

“మిగతా ఏడాదంతా ఆ కుండీలో ఏం చూస్తారు? మట్టా?”

అప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని వాళ్ళను నీడ వల కిందికి తీసుకెళ్తారు. ఆకు ఎంచడం ఆవిడ దగ్గరే చూడాలి. ముందు నాలుగడుగులు వెనక్కి వేసి మొక్క మొత్తాన్ని చూస్తారు. ఆకులు రెండు వైపులా సమంగా విచ్చుకున్నాయా, కుండీ మీద వాలిపోయాయా అన్నది అక్కడే తేలిపోతుంది. తర్వాత దగ్గరికొచ్చి ఆకు మొదలు నుంచి కొస దాకా బొటనవేలుతో నిమురుతారు. చివరికి దాన్ని ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూస్తారు. మెట్ల పక్క నీడకైతే వెడల్పాటి ముదురు ఆకు. గోడ వెంబడికైతే సన్నగా పొడుగ్గా వంగేది. ఆఫీసు గుమ్మం దగ్గరికైతే నిటారుగా నిలబడి వచ్చేపోయేవాళ్ళకు తగలనిది. ఎర్ర లిల్లీ కోసం వచ్చిన ఒక టీచరమ్మ, మొదట్లో ఊదారంగు జీర ఉన్న ఆకుల కుండీలు మూడు పట్టుకుని ఆటో ఎక్కుతూ, “ఇంతకీ వీటికి పువ్వు వస్తుందాండీ?” అని అడిగింది. “వస్తుంది. వచ్చినప్పుడు చూడండి, నేనేం వద్దన్నానా?” అన్నారు మా అత్తగారు. ఆ టీచరమ్మ ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ ఆకుల కోసమే.

అంత గట్టి మనిషికి ఒక బెంగ ఉందని నాకు పెళ్ళిరోజునే తెలిసింది. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరు కూర్చోబోయినా ఆవిడ ఎక్కణ్ణుంచో వచ్చి లేపేస్తున్నారు. మా మేనత్త మోకాళ్ళ నొప్పులతో వచ్చి కూర్చుంటే ఆమెనూ లేపేశారు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికూతుర్ని కాబట్టి నోరు మూసుకున్నాను, లేకపోతే ఆ రోజే అత్తాకోడళ్ళ సంగతి తేలిపోయేది. తర్వాత మా ఆయన చెప్పాడు. ఆ కుర్చీ అమ్మ తమ్ముడిదట. వస్తాడని ఎవరూ చెప్పలేదట, రాడని అందరికీ తెలుసట.

ఆ తమ్ముడు మా ఆయనకు మేనమామ, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా ఆవిడ నోట పొద్దస్తమానం ‘తమ్ముడు, తమ్ముడు’ అని విని విని, మనసులో నాకూ ఆయన తమ్ముడే అయిపోయాడు. తల్లి పోయేటప్పటికి ఆయనకు రెండేళ్ళు, ఈవిడకు పద్నాలుగు. చంకనేసుకుని పెంచారు. మొక్కలకు నీళ్ళు పడుతూ ఒక చంకలో వాణ్ణి, ఇంకో చేతిలో నీళ్ళ డబ్బా పట్టుకునేదాన్ని అంటారు. తండ్రి పోయాక తోట ఇద్దరిదీ అయింది. ఈవిడ పెళ్ళయ్యాక కూడా ఆ తోట వదల్లేదు. మా మామగారే ఇటొచ్చి ఉన్నారు, పాపం ఆయనా ఎక్కువకాలం లేరు.

తమ్ముడికి చారల ఆకుల పిచ్చి. పచ్చటి లిల్లీ ఆకు మీద మొదలు నుంచి కొసకు లేత పసుపు చార నిలువునా దిగితే ఎలా ఉంటుందని ఆయన ఆశ. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు అంటించి, విత్తనాలు కట్టించి, నాటి, మొలిచినవాటిలో నూటికి తొంభై పారేసి, మిగిలినవాటితో మళ్ళీ మొదలు. అలా ఏడేళ్ళు. చివరికి ఒక మడిలో నలభై మొక్కలు చారలతో వచ్చాయి. సరిగ్గా అప్పుడు కుండీలు కొనడానికి నాలుగు రోజులు పొరుగూరు వెళ్ళాడు.

లిల్లీ తోటల్లో చార అంటే రెండు రకాలు. ఒకటి పుట్టుకతో వచ్చేది, దానికోసమే ఈ తపస్సంతా. రెండోది తెగులు. పేనుబంక ఒక మొక్క రసం పీల్చి ఇంకోదాని మీద వాలినా, ఒకదాన్ని కోసిన కత్తితో ఇంకోదాన్ని కోసినా అంటుకుంటుంది. దానికి మందు లేదు, పీకి కాల్చడమే. మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయి, తెలిసినవాళ్ళు కూడా తడబడతారు. అనుమానమొస్తే ఎవర్నీ అడక్కుండా కాల్చెయ్యమని వాళ్ళ నాన్న నియమం. తమ్ముడు లేని రెండో రోజు మా అత్తగారు ఆ మడిలోకి వెళ్ళారు. ఆకుల అడుగున పేనుబంక కనిపించింది. పక్కనే ఒక ఆసుపత్రి ఆవరణ కోసం పెంచిన రెండు వేల మొక్కలున్నాయి. ఆవిడ ఆకుల్ని ఎండకెత్తి చూశారు, మళ్ళీ చూశారు. మధ్యాహ్నానికి నలభై మొక్కలూ బూడిదయ్యాయి.

తమ్ముడు వచ్చాడు. బూడిద చూశాడు. ఆ మడిలో గొంతుక్కూర్చుని చీకటి పడేదాకా చేతులతో మట్టి తవ్వాడు. ఏం దొరికిందో ఈవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఒక్క మాట అన్నాడు.

“నీకు ఆకు చూడ్డం రాదక్కా. ఎప్పుడూ రాలేదు.”

ఇంకో మనిషిని ఇంకేం తిట్టినా ఇంత తగలదు. మా అత్తగారికి మాత్రం అది సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. నాలుగు గంటల బస్సు దూరంలో ఇంకెవరిదో నర్సరీలో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది. ఫోన్ చేస్తే ఎత్తడు. మా ఆయన వెళ్ళి పిలిస్తే టీ ఇచ్చి, మంచిచెడ్డలు మాట్లాడి, బస్సు ఎక్కించి పంపాడట. అక్క మాట ఎత్తితే మాత్రం లేచి మొక్కలకు నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయాడట.

తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళిన మరుసటి ఏడు, ఆ ఖాళీ మడిలో ఒక మూల ఒకే ఒక్క ఆకు పైకొచ్చింది. చారతో సహా. తమ్ముడి వేళ్ళకు అందని చిన్న పిలక ఎక్కడో మిగిలిపోయినట్టుంది. మా అత్తగారు దాన్ని మట్టిగడ్డతో సహా ఎత్తి కుండీలో పెట్టి మేడ మీదికి చేర్చారు. అది బతికింది, కాబట్టి అది తెగులు కాదు. తెగులు కాదు, కాబట్టి తాను తప్పు చేసింది. ఇదీ ఆవిడ లెక్క. దాన్ని చక్కగా పెంచి, తమ్ముడి చేతిలో పెట్టి, నాదే తప్పురా అని చెప్పాలి. ఆవిడ బతుక్కి ఇంతకు మించిన కోరిక లేదు.

ఆ కుండీకి జరిగే మర్యాదలు నాకు ఈ ఇంట్లో ఏనాడూ జరగలేదు. దానికి వేరే నీళ్ళ డబ్బా, వేరే కత్తి, వేరే మట్టి. దిష్టి తగులుతుందన్నట్టు మేడ మీదికి ఇంకే మొక్కనూ ఎక్కనిచ్చేవారు కారు. “అత్తయ్యా, దానికి జ్వరమొస్తే డాక్టర్ని కూడా వేరేగా పెడతారా?” అని నేను ఆటపట్టించేదాన్ని. నవ్వేవారు. ఏటా ఆకులు వచ్చే కాలానికి ఈసారి తీసుకెళ్తాను అనేవారు. తీరా వచ్చాక, ఆకు కాస్త పొట్టిగా ఉందమ్మాయీ, మట్టిలో సత్తువ చాల్లేదు, వాడికి ఇలాంటిది చూపిస్తానా, వచ్చే ఏడు చూద్దాం అనేవారు. అలా అలా తమ్ముడు వెళ్ళి తొమ్మిదేళ్ళయింది.

తమ్ముడి కబుర్లు మాకు కుండీల మనిషి దగ్గర దొరికేవి. లారీలో కుండీలు వేసుకుని రెండు నర్సరీలకూ తిరిగేవాడు. అతను వస్తే మా అత్తగారు రెండు గ్లాసుల టీ ఇచ్చి, లోకంలో ఉన్న సంగతులన్నీ అడిగి, చిట్టచివర ఏదో గుర్తొచ్చినట్టు, “అక్కడ ఈ ఏడు ఏం ఆకులు పెడుతున్నారు?” అనేవారు. తమ్ముడు ఎలా ఉన్నాడని అడగడానికి నోరు రాదు మరి.

“అన్నీ పచ్చవేనమ్మా. చారలది ఒక్కటి కూడా పెట్టడు. ఎవరైనా ఊరికే ఇస్తామన్నా వద్దంటాడు.”

ఆ పూట ఇక ఆవిడకు అన్నం సయించేది కాదు. “చూశావా అమ్మాయీ, వాడి మనసు ఎలా విరిచేశానో” అని వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చునేవారు. నాకు ఆవిడ మీద జాలి, ఆ తమ్ముడి మీద కోపం. నలభై మొక్కల కోసం తల్లిలాంటి మనిషిని ఇన్నాళ్ళు ఏడిపిస్తాడా అని పళ్ళు నూరేదాన్ని.

పోయిన ఏడు కుండీల మనిషి వచ్చి టీ ముట్టుకోకుండానే చెప్పాడు. తమ్ముడు పనిచేసే స్థలంలో ఇళ్ళు కడతారట, నర్సరీ మూసేస్తున్నారట. ఆయనకు ఎక్కడో రెండు రోజుల రైలు ప్రయాణం అంత దూరంలో తోటపని దొరికిందట. పది రోజుల్లో పెళ్ళాంబిడ్డలతో వెళ్ళిపోతున్నాడట. మా అత్తగారు మేడెక్కి కుండీ దగ్గర కాసేపు కూర్చుని, కిందికి దిగి, “రేపు పొద్దున్న బస్సుకు నాతో వస్తావా?” అన్నారు నన్ను. “ఆకు సంగతి?” అన్నాను. “ఎలా ఉంటే అలా. వాడు అంత దూరం వెళ్ళిపోతే ఇంకెవరికి చూపించను?” అన్నారు. మా ఆయన వద్దన్నాడు. రావాలని ఉంటే మావయ్యే రాడా, నువ్వెళ్ళి మాట పడటం ఎందుకు అన్నాడు. ఆవిడ విననే లేదు.

బస్సులో కిటికీ సీటు కుండీది. కండక్టర్ వచ్చి, “ఇదెవరమ్మా, చిన్నపిల్లా పెద్దపిల్లా? ఫుల్ టికెట్టా హాఫా?” అన్నాడు. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. నిజంగానే ఇంకో టికెట్ కొన్నారు. దారి పొడుగునా ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. వినపడీ వినపడకుండా ఒకే మాట. నాదే తప్పురా, నీకు చెప్పకుండా ముట్టుకోవాల్సింది కాదు, ఏడేళ్ళ కష్టం ఒక్క పూటలో తగలబెట్టాను. ఒకసారి ‘తగలబెట్టాను’ తీసేసి ‘పాడుచేశాను’ అని చూసుకున్నారు. మళ్ళీ పాతదే బాగుందనుకున్నట్టున్నారు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

మేం చేరేసరికి పన్నెండు దాటింది. సగం నర్సరీ అప్పటికే ఖాళీ అయింది. తమ్ముడు లోపల కుండీలను గడ్డితో కట్టి అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. జుట్టు చాలా నెరిసింది, మా ఆయన చూపించిన ఫోటోలో మనిషిలా లేడు. తలెత్తి అక్కను చూశాడు. లేచి రెండడుగులు వేశాడు. అంతలో ఆవిడ చేతుల్లో ఉన్నదాన్ని చూసి ఆగిపోయాడు.

“అక్కా, అక్కడే ఉండు. లోపలికి రాకు.”

తొమ్మిదేళ్ళ తర్వాత అక్కతో ఆయన అన్న మొదటి మాట ఇదీ. నాకు నషాళానికి అంటింది. నాలుగు కడిగేద్దామని నోరు తెరిచాను గానీ మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. తమ్ముడు బయటికి వచ్చి, కుండీ అందుకుని, గేటు అవతల రోడ్డు పక్కన రాళ్ళ మీద పెట్టాడు. మా అత్తగారు దారంతా వల్లెవేసిన మాట మొదలుపెట్టారు.

“నాదే తప్పురా. నీకు చెప్పకుండా...”

ఆయన వినడం లేదు. కుండీ ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకును బొటనవేలుతో మొదలు నుంచి కొస దాకా నిమిరాడు. ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. అక్కను చూసినప్పుడు రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి ఆయన కళ్ళలో.

“ఇది తెగులక్కా” అన్నాడు.

“కాదురా. ఎనిమిదేళ్ళు పెంచాను. పక్కదానికి అంటలేదు.”

“పక్కన ఏముంది?”

పక్కన ఏమీ లేదు. మేడ మీద అది ఒక్కటే ఉండేది.

“ఏడాదికేడాది ఆకు పొట్టిదవలేదూ? చార చూడు, తిన్నగా దిగలేదు, ముక్కలు ముక్కలుగా ఉంది. అంచులు అలుక్కుపోయాయి. ఇంకొకళ్ళ కుండీలో ఇలాంటి ఆకు కనబడితే నువ్వు గేటు కూడా దాటనిచ్చేదానివా?”

దాటనిచ్చేవారు కాదు. నాకు తెలుసు, ఎన్నోసార్లు చూశాను. రోడ్డు మీద పోయే మనిషి చేతిలో మొక్క చూసి దాని రోగం చెప్పగలిగిన ఆవిడ, రోజూ మేడెక్కి ఎదురుగా కూర్చుని దీని రోగం చూడలేకపోయారు. చూస్తే తమ్ముడి దగ్గరికి వెళ్ళడానికి ఇక వంక ఏదీ మిగలదు.

తమ్ముడు అలా కూర్చునే చెప్పుకొచ్చాడు. ఆ రోజు మట్టి తవ్వితే రెండు దుంపలు దొరికాయట. సంచిలో వేసుకుని తెచ్చి ఇక్కడ నాటాడట. అక్కకు ఆకు చూడ్డం రాదని రుజువు చెయ్యాలని పంతం. మొదటి ఏడు బాగున్నాయి. మూడో ఏటికి పక్క వరస, దాని పక్క వరస, మొత్తం మడంతా చారలు. నర్సరీ యజమాని పదేళ్ళుగా సాకుతున్న రకాలు కూడా పోయాయి. తన చేతులతోనే అన్నీ పీకి కాల్చాడట. ఆ తర్వాత చారల ఆకు కంటపడితే మొహం తిప్పేసుకుంటాడట.

“అప్పుడే రావచ్చు కదరా. అంటే ఆరేళ్ళు... ఆరేళ్ళ కిందటే తెలుసా నీకు?”

“ఏ మొహం పెట్టుకుని రానక్కా? నీకు ఆకు చూడ్డం రాదని అన్న నోటితో?”

“అన్నావు. అయితే?”

“ఎన్నిసార్లు బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోయానో.”

మా అత్తగారు అక్కడే రాళ్ళ మీద కూలబడ్డారు. “అంటే నేను తప్పు చెయ్యలేదా?” అన్నారు.

“లేదక్కా.”

నిర్దోషి అని తేలినందుకు మనిషి సంతోషించాలి. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. తప్పు చేసి ఉంటే కనీసం ఈ తొమ్మిదేళ్ళకు ఒక కారణం ఉండేది. ఇప్పుడు ఏ కారణమూ లేదు. తమ్ముడు పెళ్ళి ఈవిడ చూడలేదు, కొడుకు పెళ్ళికి ఆయన రాలేదు, ఆయన పిల్లలకు మేనత్త మొహం తెలియదు. అంతా ఉత్తి పుణ్యానికే పోయింది. నాకు ఇద్దర్నీ పట్టుకుని చెరో రెండు తగిలించాలనిపించింది.

“నీకు చెప్పడానికి ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో తెలుసా? ఇప్పుడు వాటిని నేనేం చేసుకోను?” అన్నారు ఆవిడ ఏడుపు మధ్యలో.

“అవి నాకియ్యక్కా. అనాల్సింది నేనే కదా” అన్నాడు తమ్ముడు. “నాదే తప్పు” అని ఆగి, “తర్వాతేంటి?” అని అడిగాడు.

ఆవిడ చెప్పారు. ఆయన ఒక్కొక్క మాటా అన్నాడు. ఏడేళ్ళ కష్టం దగ్గరికి వచ్చేసరికి అది తనకు కుదరక ఆగిపోయాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో వాళ్ళిద్దరూ ఎంత ఒకేలా ఉన్నారో నేను అప్పుడే గమనించాను.

తర్వాత కుండీ సంగతి వచ్చింది. ఊళ్ళు దాటించి తీసుకెళ్ళడానికి వీల్లేదు, అక్కడ పారెయ్యడానికీ వీల్లేదు. కాల్చాల్సిందే. అది ఆవిడకూ తెలుసు. ఆకును ఇంకోసారి నిమిరి, “నా వల్ల కాదురా. ఒకసారి కాల్చాను, చాలు. ఈసారి నువ్వే కానీ” అన్నారు. తమ్ముడు ఎండుగడ్డి తేవడానికి లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“మీ బస్సు ఎన్నింటికి?”

“మూడున్నరకు. అదే ఆఖరిది” అన్నాను నేను. ఈ తమ్ముడితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

ఆయన నన్ను చూడలేదు. అక్కనే చూస్తున్నాడు. వారం పది రోజుల్లో రైలెక్కాలి, ఇంట్లో సామాన్లన్నీ మూటలు కట్టేసి ఉన్నాయని తర్వాత చూశాం, పడుకోవడానికి చాప కూడా మూటలోంచి విప్పాల్సి వచ్చింది.

“అయితే నాలుగింటికి కాలుద్దాం” అన్నాడు తమ్ముడు.

మా అత్తగారు అలాగేనని తలూపారు.